గ్రంథాలయంలో సినిమా: ఎంచే పని ఎవరిది?

జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు మళ్లీ వచ్చాయి. నవంబర్ 14 నుంచి 20 దాకా వ్యాసరచన, వక్తృత్వ పోటీలు, పుస్తక ప్రదర్శనలు, కవి సమ్మేళనాలు సాగుతాయి. ఓరుగల్లు ఈ పండుగను హక్కుగా జరుపుకోగల ఊరు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో వెలిస్తే, మూడేళ్లకే, 1904లో, హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం తలుపులు తెరిచింది. 1918లో వరంగల్లో శబ్దానుశాసన గ్రంథాలయం వచ్చింది. నిజాం ఏలుబడిలో బడి చదువు, కచేరీ వ్యవహారం ఉర్దూలో నడిచిన కాలమది. తెలుగులో చదువుకునే హక్కును ఆ తరం సభల్లో అడగడానికి ముందే, అల్మారాలు పెట్టి సంపాదించుకుంది.

ఆ అల్మారాల్లోకి పుస్తకాలు వాటంతటవే రాలేదు. ఆ గ్రంథాలయాలు చందాలతో నడిచే సంస్థలు. చేతిలో ఉన్నది కొద్ది, తెప్పించుకోవాల్సింది ఎంతో. ఏ పత్రికకు చందా కట్టాలి, ఏ నవల కొనాలి, ఏది వచ్చే ఏడాదికి ఆపాలి అని పెద్దలు కూర్చుని వాదించుకున్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు అచ్చువేసి ఊరుకోలేదు, మోసుకుని ఊళ్లు తిరిగారు. మోయగలిగినన్నే తీసుకుపోవాలి కాబట్టి, ఏవి తీసుకుపోవాలన్నది ప్రతిసారీ తేల్చుకోవాల్సిందే. తెలంగాణ గ్రంథాలయోద్యమానికి ప్రాణం పోసింది ఆ ఎంపికేనని మేం నమ్ముతున్నాం. నూట ఇరవై ఏళ్ల తర్వాత అదే పని ఇంకో రూపంలో మన ముందుకు వచ్చింది. ఈసారి ఎంచాల్సింది సినిమాలను.

ఇవాళ జిల్లా గ్రంథాలయంలో పొద్దున్నే కుర్చీ పట్టుకునేది గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే యువతే. వాళ్లకు కావలసిన పుస్తకాలు సమకూర్చడం గ్రంథాలయం బాధ్యత, సందేహం లేదు. అయితే ఆ యువతీ యువకులే రాత్రి గదికి వెళ్లి ఫోనులో సినిమా చూస్తారు. ఏం చూడాలో ఓటీటీ కంపెనీ యాప్ చెబుతుంది. నిన్న చూసినదాని లాంటిదే ఇవాళా ముందు పెడుతుంది. తెలుగువాళ్లు ఇంతగా ప్రేమించే కళ మరొకటి లేదు. ఆ కళలో మంచి చెడ్డలు ఎంచి చూపించే ప్రజా సంస్థ మన ఊళ్లో ఒక్కటీ లేకపోవడం పెద్ద లోటు. కరీంనగర్ ఫిలిం సొసైటీ లాంటివి ఉత్తర తెలంగాణలో ఏళ్ల తరబడి ఆ పని చేశాయి. వాటికి ఉన్నది సభ్యుల ఓపిక. గ్రంథాలయాలకు చట్టం ఉంది, పన్ను ఉంది, ప్రతి పట్టణంలో గది ఉంది.

సినిమా గ్రంథాలయం పనేనా అని అడిగేవాళ్లున్నారు. యునెస్కో, అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య కలిసి 1994లో వెలువరించిన ప్రజా గ్రంథాలయ ప్రకటన అప్పుడే తేల్చింది: సంగ్రహంలో సంప్రదాయ సామగ్రితో పాటు అన్ని రకాల మాధ్యమాలూ ఉండాలి, ఎంపిక మీద రాజకీయ, మత, వ్యాపార ఒత్తిళ్లు ఉండకూడదు. మన దేశంలోనూ 1972లో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ ఒకప్పుడు గ్రంథాలయాలకు టీవీ, వీడియో పరికరాలు కొనుక్కోవడానికి సాయపడింది. పరికరాలు వచ్చాయి, వాటిలో ఏం చూపించాలన్న ఆలోచన మాత్రం వెంట రాలేదు.

బయటి దేశాల్లో ఈ పని ఎలా జరిగిందో చూస్తే మనం ఎక్కడ జాగ్రత్తపడాలో తెలుస్తుంది. 2008లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మొదలైన కానోపీ, అమెరికాలో 2013 నుంచి నడుస్తున్న హూప్లా గ్రంథాలయాలకు సినిమాలు అందించే సేవలు. గ్రంథాలయ కార్డు ఉంటే ఇంట్లోనే ఉచితంగా చూడవచ్చు. ఆ ఖర్చు గ్రంథాలయం భరిస్తుంది, అదీ చూసిన ప్రతిసారికీ లెక్కగట్టి. పాఠకులు ఎంత ఇష్టపడితే బిల్లు అంత పెరుగుతుంది. 2019లో న్యూయార్క్ నగరంలోని మూడు పెద్ద గ్రంథాలయ వ్యవస్థలు, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ, బ్రూక్లిన్, క్వీన్స్, ఖర్చు భరించలేక కానోపీ నుంచి తప్పుకున్నాయి. అన్నాళ్లు కట్టిన డబ్బుకు వాటి అల్మారాలో ఒక్క సినిమా మిగల్లేదు.

ఇంకో అనుభవం ఇంతకన్నా ముఖ్యం. హూప్లా తన జాబితాను ఒకే మూటగా గ్రంథాలయం ముందు పెడుతుంది. 2022లో ఆ మూటలోని ఈ-పుస్తకాల్లో హిట్లర్ కాలపు యూదుల ఊచకోత జరగనే లేదని బుకాయించేవి ఉన్నాయని గ్రంథపాలకులే గుర్తించి ఆందోళన చేశారు. కంపెనీ వాటిని తీసేసింది. అవి ఏ గ్రంథపాలకుడూ ఎంచి తెచ్చినవి కావు. మూటతో పాటు వచ్చాయి, గ్రంథాలయం పేరు మీదే పాఠకుడి చేతికి చేరాయి. మన దగ్గర కూడా పుస్తకాల కొనుగోలులో దశాబ్దాలుగా వినిపించే ఫిర్యాదు ఇదే: పాఠకులు అడిగినవి రావు, ప్రచురణకర్తల దగ్గర మిగిలినవి వస్తాయని. పుస్తకాల్లో జరిగింది సినిమాల్లోనూ జరగనివ్వకూడదు.

నాలుగు ఓటీటీ చందాలు కట్టి గ్రంథాలయంలో టీవీకి తగిలిస్తే సరిపోతుందన్న సలహా కూడా వినిపిస్తోంది. అది కుదరదు. ఆ చందాలు ఇంట్లో సొంతంగా చూసుకోవడానికి ఇచ్చినవి, పదిమందికి ప్రదర్శించడానికి కావు. గ్రంథాలయం హక్కుదారుల నుంచి విడిగా అనుమతి పొందాలి. ఒప్పందం రాసుకునేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ధర కాదు, గడువు. ఏడాదికే ఇస్తున్నారా, పదేళ్లకా, ఎప్పటికీనా? గడువు తీరిన సినిమా ఒక్క రాత్రిలో మాయమవుతుంది. కొన్న పుస్తకాన్ని ఎవరూ అలా వచ్చి పట్టుకుపోరు. కాబట్టి కొద్ది సినిమాలైనా సరే, ఎక్కువ కాలానికి తీసుకోవడమే మేలు.

పొరుగు నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. కేరళ రాష్ట్ర చలనచిత్రాభివృద్ధి సంస్థ 2024 మార్చిలో సీస్పేస్ పేరుతో ఓటీటీ మొదలుపెట్టింది. దేశంలో ఒక రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఓటీటీల్లో అదే మొదటిది. సినిమాకు 75 రూపాయలు, అందులో సగం నిర్మాతకు. మాకు నచ్చింది దాని ఎంపిక పద్ధతి. రచయితలు, దర్శకులు, ఛాయాగ్రాహకులతో 60 మంది బృందాన్ని ఏర్పరచి, వచ్చిన ప్రతి చిత్రాన్నీ వారిలో ముగ్గురు చూసి సిఫారసు చేసే ఏర్పాటు చేశారు. ఓరుగల్లుకు అరవై మంది అక్కర్లేదు. కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి ఇద్దరు, బడిపంతుళ్లు ఇద్దరు, సినిమా తెలిసిన రచయితలు ఇద్దరు ముగ్గురు, గ్రంథపాలకులు, చదువుకోవడానికి వచ్చే యువతీ యువకుల నుంచి ఇద్దరు చాలు. వాళ్లు ప్రతి చిత్రం గురించీ పది వాక్యాలు రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఎందుకు తీసుకున్నామో, తిరస్కరించినది ఎందుకు వద్దన్నామో పాఠకుడు చదివి తన మాట చెప్పగలగాలి.

మొదటి జాబితాలో ఏముండాలి? మా మాట మేం చెబుతాం. కృషన్ చందర్ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ తీయగా 1980లో విడుదలైన ‘మా భూమి’ ఉండాలి. రైతాంగ పోరాటం నడిచిన ఈ నేల మీది పిల్లలు దాన్ని చూడకుండా పెరగడం న్యాయం కాదు. బి. నర్సింగరావు ‘దాసి’ ఉండాలి. 1988 సంవత్సరానికి అయిదు జాతీయ పురస్కారాలు తెచ్చిన ఆ చిత్రంలో గడీ లోపలి ఆడబతుకు కనిపిస్తుంది. అర్చన నటన, వైకుంఠం కళాదర్శకత్వం, ఏకే బీర్ ఛాయాగ్రహణం వేర్వేరుగా పాఠాలు చెప్పదగినవి. ప్రేమ్‌చంద్ కథను మృణాల్ సేన్ తెలుగులోకి తెచ్చిన ‘ఒక ఊరి కథ’, 1977 నాటిది, ఉండాలి. గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’, ‘రైతుబిడ్డ’ ఉండాలి. జమీందార్లకు కంటగింపై కొన్ని జిల్లాల్లో నిషేధానికి గురైన ‘రైతుబిడ్డ’ 1939 నాటి తెలుగు సినిమా ధైర్యానికి సాక్ష్యం. ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం జీవితం మీద 2019లో వచ్చిన ‘మల్లేశం’ ఉండాలి. జంపఖానాలు నేసే కొత్తవాడ కుటుంబాలతో కలిసి దాన్ని చూడాలి. డాక్యుమెంటరీల్లో 1980ల హైదరాబాదు మత ఘర్షణల మీద దీపా ధన్‌రాజ్ తీసిన ‘క్యా హువా ఇస్ షహర్ కో’ ఉండాలి. ఇక వినోదం వద్దనడం లేదు. ‘మాయాబజార్’ లేని తెలుగు సంగ్రహాన్ని ఊహించలేం. ఇరాన్, జపాన్, బెంగాల్, మలయాళ చిత్రాలు తెలుగు సబ్‌టైటిళ్లతో రావాలి. ఇంగ్లిష్ అక్షరాల దగ్గర తడుముకునే పాఠకుడికి సత్యజిత్ రాయ్ అందకపోవడానికి తెలుగు సబ్‌టైటిళ్లు లేకపోవడమొక్కటే అడ్డు. బధిరులకు మాటలు తెర మీద రాసి చూపడం, అంధులకు దృశ్యం వినిపించడం మొదటి రోజు నుంచే చేయాలి. కేంద్ర సమాచార, ప్రసార శాఖ థియేటర్ల కోసం 2024 మార్చిలో ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది.

చట్టం కూడా కొంత వెసులుబాటు ఇస్తోంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం చలనచిత్రం మీది హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. పాత తెలుగు సినిమాల్లో ఒక్కొక్కటే ఆ గడువు దాటుతోంది. కథ, పాటలు, సంగీతం హక్కులు విడివిడిగా చూసుకోవాలి కనుక న్యాయవాది సలహా తప్పదు. అయినా ఆ కష్టం పడదగిందే. పుణెలో 1964లో నెలకొన్న జాతీయ ఫిలిం ఆర్కైవ్, ఫిల్మ్స్ డివిజన్ సంపద ఇప్పుడు జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ గొడుగు కిందే ఉన్నాయి. రాష్ట్ర గ్రంథాలయ పరిషత్తు అక్కడికి వెళ్లి జిల్లాలన్నిటి తరఫున ఒక్క ఒప్పందం కుదుర్చుకోవాలి. ఒక్కో జిల్లా ఒంటరిగా వెళ్తే పని కాదు.

డబ్బు సంగతి సూటిగా చెప్పుకుందాం. ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా మనం కడుతూనే ఉన్నాం. వసూలైన సెస్సును నగరపాలక సంస్థలు గ్రంథాలయాలకు చేర్చకపోవడం తెలంగాణలో పాత జబ్బు. అది జనం పుస్తకానికి కట్టిన డబ్బు. నెలనెలా జమ చేసి, ఎంత జమైందో ఇంటిపన్ను రశీదు వెనుక అచ్చువేయాలి. అందులో నూటికి రెండు రూపాయలు తీసి పెట్టినా సినిమా సంగ్రహం మొదలవుతుంది. ప్రదర్శనకు చోటు కూడా ఉంది. 2024 నవంబర్ 19న, సరిగ్గా గ్రంథాలయ వారోత్సవాల్లోనే, హనుమకొండలో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రంలో నెలకో సాయంత్రం గ్రంథాలయానిది కావాలి.

ఏ పాఠకుడు ఏ సినిమా చూశాడన్నది గ్రంథాలయం ఎవరికీ చెప్పకూడదు. పోలీసుకైనా, కంపెనీకైనా, తల్లిదండ్రులకైనా. ఈ నియమాన్ని ఒప్పందంలోనే రాయించాలి.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. బయటి నుంచి తెచ్చేవి రేపైనా తేవచ్చు, ఇక్కడివి పోతే తిరిగి రావు. నటరాజ రామకృష్ణ మళ్లీ ప్రాణం పోసిన పేరిణి నృత్యం తొలినాళ్ల దృశ్యాలు, జనగామ ప్రాంతపు ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్య ప్రదర్శనలు, ధ్వని అనుకరణలో ఓరుగల్లు పేరును దేశదేశాల్లో వినిపించిన నేరెళ్ల వేణుమాధవ్ కార్యక్రమాలు, చిందు భాగవతుల ఆటలు, రెండేళ్లకోసారి మేడారం జాతరలో ఊరి వీడియోగ్రాఫర్లు తీసిన దృశ్యాలు ఎవరి ఇంట్లో ఏ క్యాసెట్‌లో మిగిలాయో వెతికి పట్టుకోవాలి. టేపు బూజు పట్టేలోగా డిజిటల్ చేయించాలి. తీసినవారి దగ్గర, ఆడినవారి కుటుంబాల దగ్గర సంతకంతో అనుమతి తీసుకోవాలి, ఇవ్వగలిగినంత పారితోషికం ఇవ్వాలి. అనుమతి పత్రం ఒక్క పేజీ, తెలుగులో, చదివి వినిపించగలిగేలా ఉండాలి. వారోత్సవాలు ముగిసే 20వ తేదీ సభలో జిల్లా గ్రంథాలయ సంస్థ ఆ పత్రాన్ని విడుదల చేసి, మరునాటి నుంచి శాఖా గ్రంథాలయాల్లో క్యాసెట్లు స్వీకరించడం మొదలుపెట్టాలని కోరుతున్నాం.