‘వెళ్ళివస్తాము’ అనే ముందు

మన తెలుగువారికి ఇల్లు కదిలేటప్పుడు “పోతాము” అనే అలవాటు లేదు. అది అశుభమని పెద్దలు చిన్ననాడే మన నోరు మూయించారు. “వెళ్ళివస్తాము” అనవలె. మన ఇరుగుపొరుగు వారిదీ ఇదే మర్యాద. తమిళులు “పోయిట్టు వరేన్” అంటారు, కన్నడిగులు “హోగి బర్తీని” అంటారు. ఒడియా వారైతే పోవడం మాటే ఎత్తక, గడప దాటుతూ “ఆసుఛి”, అంటే వస్తున్నాను, అంటారు. రోజూ అలవాటుగా అనే మాట గనుక, అందులో ఒక వాగ్దానమున్న సంగతి మనం మరచిపోతూ ఉంటాము. మొన్న వేసవిలో మాకు ఆ సంగతిని ఒక ముసలమ్మ గుర్తు చేసింది.

చెన్నైలో మేము వెళ్ళే తెలుగు చర్చి నుంచి పదకొండుగురం, మే నెలలో పది రోజుల సువార్త సేవకని ఒడిశాలో రాయగడ దగ్గర ఒక పల్లెకు వెళ్ళాము. ఆ కొండల్లో కోందుల భాషలు వినబడుతున్నా, సంతలో తెలుగు చక్కగా చెల్లుతుంది. పొద్దున పిల్లలకు సెలవుల బైబిలు బడి, పాటలు, బొమ్మలు. మధ్యాహ్నం మాతో వచ్చిన డాక్టరమ్మ రోగులను చూడడం. రాత్రి ప్రార్థన కూటం. ఇదీ మా పని.

ఆ ఊరికి ఇది మా రెండవ రాక. రెండేళ్ళ క్రితం మొదటిసారి వెళ్ళి తిరిగి వచ్చే నాడు, పిల్లలు చేతులు వదలక ఏడుస్తుంటే మేమూ కళ్ళు తుడుచుకొంటూ “వచ్చే వేసవికి తప్పక వస్తాము” అన్నాము. అది అబద్ధమని అప్పుడు మాలో ఎవరమూ అనుకోలేదు. తీరా ఏడాది తిరిగేసరికి ఒకరికి సెలవు దొరకలేదు, ఒకరింట పెళ్ళి, ఒకరి పిల్లకు పరీక్షలు. ప్రయాణం ఆగిపోయింది. ఆ సంగతి పల్లెకు రెండు ముక్కలు రాద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఈసారి వెళ్ళిన మొదటి సాయంత్రమే, మాకు వంట చేసి పెట్టే ముసలమ్మ నవ్వుతూ అన్నది: “మీరొస్తారని పోయినేడు ఓ పనసకాయ చెట్టునే ఒగ్గేసినాం బాబూ. సంతకెట్టలేదు. ముగ్గి ముగ్గి రాలిపోనాది.”

ఆమె మాటలో నిష్ఠూరం లేదు. అందుకే మాకు మరీ సిగ్గు వేసింది. ఆ కాయ అమ్మితే ఇంట్లోకి ఉప్పూ నూనే వచ్చి ఉండేవి.

ఆ రాత్రి అపొస్తలుల కార్యముల 20వ అధ్యాయం తీసి చదువుకొన్నాము. ఎఫెసులో మూడేళ్ళు పనిచేసిన పౌలు, మిలేతుకు సంఘపు పెద్దలను పిలిపించి, ఇక మీరు నా ముఖం చూడరని ఉన్నమాట చెప్పాడు. వారు మెడ మీద పడి ఏడ్చారు. ఓడ దాకా సాగనంపారు. మళ్ళీ వస్తానని ఊరడించడం ఆయనకు రాక కాదు గదా!

అజరయ్య గారి సంగతి కూడా తలపుకు వచ్చింది. 1874లో తిరునల్వేలి సీమలో పుట్టిన ఆ తమిళుడు 1909లో దోర్నకల్లు వచ్చాడు. తెలుగు నేర్చుకొన్నాడు, 1912లో అక్కడే బిషప్పు అయ్యాడు, 1945 జనవరి 1న అక్కడే కన్నుమూశాడు. 1910లో ఎడింబరో మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీలను అడిగింది ధనం కాదు, త్యాగమూ కాదు, స్నేహం. ఆయన ముప్ఫయ్యయిదేళ్ళ ముందు మా పది రోజులు ఏపాటి? మేము ఉండిపోయేవాళ్ళం కాము. కాని చుట్టపుచూపుగా వచ్చిన వారికీ మాట మీద నిలబడే బాధ్యత ఉన్నది.

అందుచేత ఈసారి వీడ్కోలు చివరి గంటకు అట్టిపెట్టలేదు. రెండు రోజుల ముందే పిల్లలకు ఫలానా నాడు వెళ్తామని చెప్పాము. రక్తపుపోటు మాత్రలు మొదలుపెట్టిన వారి జాబితా రాసి, డాక్టరమ్మ ఆ ఊరి ఆశా కార్యకర్తతో కూర్చుని పేరు పేరునా అప్పగించింది. మేమిచ్చిన మాత్రలు నెలకు సరిపోతాయి. ఆ తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే దిక్కు. ఎండనక వాననక ఆ ఊళ్ళో ఉండేది ఉపదేశిగారు గనుక, చివరి కూటంలో ముందు నిలబడవలసింది ఆయనే అని మేము వెనుక చాపల మీద కూర్చున్నాము. వచ్చే ఏడు వస్తామో రామో తెలియదని, నెలకొక ఉత్తరం మాత్రం తప్పక రాస్తామని అందరి ఎదుట చెప్పాము. పిల్లలు కాసేపు మూతులు ముడుచుకొన్నారు. తరువాత ఒక పిల్ల లేచి, ఉత్తరంలో తన పేరు కూడా రాస్తారా అని అడిగింది.

మన ఇండ్ల నుంచి ఈనాడు ఎందరో యువకులు ఇటువంటి ప్రయాణాలు చేస్తున్నారు. కొందరు సువార్తకు, కొందరు వైద్య శిబిరాలకు, మరి కొందరు చదువు చెప్పడానికి. వారికి మేము చెప్పేది ఒక్కటే. కన్నీళ్ళ వేళ మాట ఇవ్వకండి. ఇస్తే చిన్నది ఇవ్వండి, చెల్లించగలది ఇవ్వండి. వండి పెట్టిన చేతులకు దణ్ణం పెట్టి మరీ రండి.

జీపు ఎక్కేటప్పుడు మాకు పెద్ద చిక్కు వచ్చిపడింది. “వెళ్ళివస్తాము” అనడానికి నోరు రాలేదు. “పోతాము” అనరాదు. చివరకు “సెలవిప్పించమ్మా” అన్నాము. ముసలమ్మ చింతపండు పొట్లం ఒకటి ఒడిలో పెట్టి, “ఎల్లి రండి బాబూ” అన్నది. రమ్మనే హక్కు ఉన్నవారిది గదా!

మొదటి ఉత్తరం జూన్‌లో వేశాము. ముప్ఫయిముగ్గురు పిల్లల పేర్లూ రాసేసరికి రెండు కాగితాలు పట్టినాయి.