యాకూబ్, యాకోబు, యాకయ్య

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో హాజరుపట్టీ చదువునప్పుడు 'యాకూబ్' అనగానే ముస్లిమనియు, 'యాకోబు' అనగానే క్రైస్తవుడనియు తలంతుము. నిజమునకు ఆ రెండును ఒకే హీబ్రూ నామము. కవలలలో రెండవవాడు అన్న మడమను పట్టుకొని పుట్టినందున ఆ పేరు వచ్చెనని బైబిలు చెప్పును. ఖుర్ఆన్‌లో ఆయన యూసుఫ్ ప్రవక్తకు తండ్రి. 1863లో మదనపల్లెకు వచ్చిన వైద్య మిషనరీ జేకబ్ ఛాంబర్లేన్‌ది కూడ ఈ పేరే. అమెరికాలో 1999 నుండి 2012 వరకు మగశిశువుల పేర్లలో ఇదియే ప్రథమము. ఓరుగల్లు ప్రాంతమున అన్నారము యాకూబ్ షావలీ దర్గాకు మ్రొక్కుకొన్న హిందువులు తమ బిడ్డలకు యాకయ్య, యాకమ్మ అని పేరిడుదురు. నిరక్షరాస్యులైన ఆ తల్లులకు అడ్డురాని మతము చదువుకొన్న మనకేల అడ్డు రావలెను? సోదర విద్యార్థులారా! పేరు వినగానే కులమతములను లెక్కించు మన చెవి మారవలెను.