రబ్బరు బ్యాండ్లు చూశారు, మతాన్ని వదిలేశారు

సభల్లో, టీవీ చర్చల్లో, పెళ్లిసంబంధాల దగ్గర ఒక మాట తరచు వినబడుతోంది: భక్తి మా డీఎన్ఏలోనే ఉంది. కాస్త చదువుకున్నవాళ్లు ‘దైవ జన్యువు’ అంటూ దానికి శాస్త్రం సాక్ష్యం కూడా తెస్తారు. వ్యాపారబుద్ధి ఫలానా కులం రక్తంలో ఉందనీ, చదువు ఫలానా వంశంలో పుట్టుకతోనే వస్తుందనీ నమ్మేవాళ్లకు ఇది కొత్త బలం. ఈ వాదం తప్పు. పైగా ఇదే వాదం ఒకప్పుడు మన నేలమీద చట్టంగా మారి మనుషుల బతుకుల్ని కూల్చింది.

ముందు ఆ జన్యువు సంగతి చూద్దాం. అమెరికా జన్యుశాస్త్రవేత్త డీన్ హేమర్ 2004లో ‘ద గాడ్ జీన్’ అనే పుస్తకం వేశాడు. వీమ్యాట్2 అనే జన్యువులోని ఒక తేడాకూ ఒక ప్రశ్నావళిలో మనుషులకు వచ్చిన మార్కులకూ సంబంధం ఉందన్నాడు. ఆ ప్రశ్నలు కొలిచేది దేవుడిమీద నమ్మకాన్ని కాదు, తనను తాను మరచి మరేదో పెద్దదానిలో లీనమయ్యే స్వభావాన్ని. అందులోనూ ఆ జన్యువు వాటా బహు స్వల్పం. ఆధ్యాత్మిక స్వభావం వేరు, మతం వేరు, మతం సంస్కృతి నేర్పేదే అని హేమరే రాశాడు. లోకమంతా తిరిగింది పుస్తకం పేరు మాత్రమే.

ఇంకా గట్టి సాక్ష్యమంటూ చూపించేది కవలల్ని. వేరువేరు ఇళ్లలో పెరిగిన కవలల మీద మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో థామస్ బౌచార్డ్ 1979లో అధ్యయనం మొదలుపెట్టాడు. అందులో ఆస్కార్ స్టోర్, జాక్ యూఫ్ అనే సోదరుల కథ పత్రికలన్నిటికీ ఎక్కింది. వాళ్లు 1933లో ట్రినిడాడ్‌లో పుట్టిన ఏకరూప కవలలు. తండ్రి యూదుడు, తల్లి జర్మన్ క్యాథలిక్. పిల్లలు నెలల పసికందులుగా ఉన్నప్పుడే దంపతులు విడిపోయారు. ఆస్కార్‌ను తల్లి జర్మనీకి తీసుకుపోయింది, జాక్ తండ్రి దగ్గరే ఉండిపోయాడు. నడివయసులో మిన్నెసోటాకు వచ్చినప్పుడు చూస్తే ఇద్దరికీ మణికట్టుకు రబ్బరు బ్యాండ్లు పెట్టుకునే అలవాటుంది. టాయిలెట్‌ను వాడకముందే ఫ్లష్ చేసే అలవాటూ ఇద్దరికీ ఉంది. చూశారా జన్యువుల మహిమ అని రాశారు.

కానీ ఆస్కార్ క్యాథలిక్‌గా పెరిగాడు, హిట్లర్ యూత్‌లో చేరాడు. జాక్ యూదుడిగా పెరిగాడు, ఇజ్రాయెల్ వెళ్లి అక్కడి నౌకాదళంలో పనిచేశాడు. ఒకే పిండం చీలి ఇద్దరైనవాళ్లు వీళ్లు. ఒకడు తొడుక్కున్న యూనిఫారం ఎవరిని ద్వేషించమని నేర్పిందో, రెండోవాడు ఆ మనుషుల్లో ఒకడు. ఎవరికి మొక్కాలి, ఎవరిని శత్రువనుకోవాలి, ఏ పండగ తనది అన్నవన్నీ ఏ ఇంట్లో పెరిగారన్నదాన్నిబట్టే తేలాయి. రబ్బరు బ్యాండ్లను అంత శ్రద్ధగా గమనించినవాళ్లు ఈ సంగతికి ఒక్క వాక్యం కేటాయించి ముందుకు పోవడం నాకు క్షమించరాని అశ్రద్ధగా కనిపిస్తుంది.

జన్యువుల ప్రమేయమే లేదని నేను అనడం లేదు. స్వభావంలో, పట్టుదలలో, దేన్నైనా గాఢంగా నమ్మే తీరులో వాటి పాత్ర ఉంది. పోట్లాట శాతాల దగ్గర వస్తుంది. ‘మతనిష్ఠ యాభై శాతం జన్యువులదే’ అనే మాటను మనిషిలోని భక్తిలో సగం రక్తం నుంచి వచ్చిందన్నట్టు వాడుతున్నారు. ఆ శాతం చెప్పేది ఒక కాలంలో, ఒక సమాజంలో మనుషుల మధ్య కనిపించే తేడాల గురించి మాత్రమే. చేతికి అయిదు వేళ్లు మొలిపించేది జన్యువులే. కానీ వేళ్ల సంఖ్యలో మనకు కనిపించే తేడాలు ఎక్కువగా ప్రమాదాల్లో వేళ్లు పోవడంవల్ల వచ్చినవి గనక, ఆ తేడాల్లో జన్యువుల వాటా లెక్కగడితే దాదాపు ఏమీ తేలదు. 2005లో బౌచార్డ్ సహచరులు అచ్చువేసిన లెక్కే చూడండి. మిన్నెసోటాలో పెద్దవాళ్లయిన మగ కవలల్ని అడిగితే, చిన్నతనంలోని మతనిష్ఠ విషయంలో జన్యువుల వాటా 12 శాతం, ఇప్పటి నిష్ఠ విషయంలో 44 శాతం అని వచ్చింది. మనుషులు వాళ్లే, జన్యువులు అవే. అమ్మానాన్నల అదుపు సడలి ఎవరి స్వభావానికి తగ్గట్టు వాళ్లు ఉండగలిగాక అంకె పెరిగింది. అదుపు సడలని సమాజంలో అది పెరగకపోవచ్చు కూడా.

మన జిల్లాల చరిత్ర ఇంకా సూటిగా మాట్లాడుతుంది. ధాత కరువు కాలంలో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఆ ఉద్యమానికి తొలి అడుగు వేసిన ఎర్రగుంట్ల పేరయ్య అంతకుముందే రాజయోగం గురువుల్ని వెతుక్కుంటూ తిరిగిన తోలుపనివాడు. ఆయన ఆర్తి పాతదే, దానికి దొరికిన దేవుడు కొత్త. ఆ నమ్మకం వియ్యాలవారి ద్వారా, మేనమామల ద్వారా ఊరినుంచి ఊరికి పాకింది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. సంస్కృతి కూడా బంధుత్వం వెంటే నడుస్తుంది, తల్లిదండ్రుల నుంచే పిల్లలకు అందుతుంది. అందుకే దూరంనుంచి చూసేవాడికి అది రక్తంలా కనిపిస్తుంది.

ఆలోచనా విధానం మాత్రం పుట్టుకతోనే వస్తుందనేవాళ్లకు చైనాలోని నింగ్షియా సమాధానం. అక్కడ ప్రభుత్వం ఒక వ్యవసాయ క్షేత్రానికి పంపినవాళ్లు వరి పండించారు, మరోదానికి పంపినవాళ్లు గోధుమ పండించారు. ఎవరు ఎక్కడికన్నది వాళ్లు ఎంచుకున్నది కాదు. థామస్ టాల్‌హెల్మ్ బృందం 2024లో ప్రకటించిన ఫలితాల్లో, రైలు, బస్సు, పట్టాలు ఇచ్చి జత కలపమంటే సంబంధాన్నిబట్టి రైలునూ పట్టాలనూ కలపడం వరివాళ్లలో ఎక్కువగా కనిపించింది. రకాన్నిబట్టి రైలునూ బస్సునూ ఒక కోవలో పెట్టడం గోధుమవాళ్లలో ఎక్కువ. నీటికోసం, నాట్లకోసం ఇరుగుపొరుగు మీద ఆధారపడే సేద్యం చూపును మార్చగలదు.

ఇంత పట్టుబట్టి వాదించడానికి కారణం స్టువర్టుపురం. నేరం పుట్టుకతో వస్తుందనే నమ్మకంతో బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం చేసింది, 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చింది. ఆ చట్టం కిందికి వచ్చిన ఎరుకలవాళ్లు ఒకప్పుడు తీరం ఉప్పును లోపలి ఊళ్లకూ, అక్కడి ధాన్యాన్ని తీరానికీ చేరవేసి బతికినవాళ్లు. రైళ్లూ ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యమూ ఆ బతుకుదెరువును తెంపాయి. తెంపిన ప్రభుత్వమే వాళ్ల రక్తంలో దొంగతనం ఉందని తీర్పు చెప్పి, క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ కాపలాలో, బాపట్ల దగ్గరి స్టువర్టుపురంలో కుటుంబాలకు కుటుంబాల్నే సెటిల్‌మెంటులో పెట్టింది. మంచిగుణం తమ రక్తంలో ఉందని గొప్పగా చెప్పుకునేవాళ్లు ఆ చట్టం తర్కాన్ని ఒప్పుకుంటున్నట్టే. ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని వదిలే దారి లేదు.

చట్టం 1952లో రద్దయింది. తర్వాత సంఘసంస్కర్తలు హేమలత, లవణం దంపతులు ఆ ఊళ్లో కుటుంబాలతో కలిసి పనిచేశారు. ఎందరో దొంగతనం వదిలారు, పిల్లలు బడికి వెళ్లారు. దొంగతనం పుట్టుకలో ఉంటే ఆ పనికి ఫలితం రాకూడదు. అయినా ఆ ఊరిపేరుతో ఇప్పటికీ దొంగల సినిమాలే తీస్తున్నారు.