దారి ఊడ్చే ఓడ



మన పొలములో చల్లే యూరియాలో, లారీలలో పోసే డీజిలులో, పొయ్యి మీద వెలిగే గ్యాసులో కొంత భాగము సముద్రము దాటి ఓడలలోనే వచ్చుచున్నది. విశాఖపట్నం వంటి రేవు ముంగిట శత్రువు కొన్ని మందుపాతరలు పరచితే చాలును, ఆ దారి మూతబడును. అందుచేత ఓడల దారిని ఊడ్చే ఓడలు వేరుగా ఉండవలెను. వీటిని మైన్‌స్వీపర్లు అందురు. ఈ నెల, మన తెలుగు ఊరి పేరు ధరించిన ‘కాకినాడ’ ఓడ సంగతి చెప్పుకొందము.

సముద్రపు మందుపాతరలు కొన్ని అడుగున బరువుకు కట్టబడి నీటిలో తేలుచు, ఓడ తగిలితే పేలును. కొన్ని అడుగుననే పడియుండి, పైన పోయే ఓడలోని ఇనుమును గాని, ఇంజను చప్పుడును గాని పసిగట్టి పేలును. మైన్‌స్వీపరు కత్తెరలు అమర్చిన తీగను వెనుక ఈడ్చుకొనిపోయి మొదటి రకపు కట్లను కోయును. పైకి తేలినదానిని కాల్చివేయుదురు. రెండవ రకమును, పెద్ద ఓడవలె చప్పుడును, అయస్కాంత శక్తిని పుట్టించే పరికరములతో మోసగించి పేల్చుదురు. తాను మాత్రము ఆ మందుపాతరకు తెలియకూడదు. కనుకనే ఇట్టి ఓడలను కొయ్యతోనో, అయస్కాంత గుణము తక్కువగా ఉన్న ఉక్కుతోనో కట్టుదురు.

మన నౌకాదళములో ఈ పని చేసిన ‘కాకినాడ’లు రెండు. మొదటిది 1956లో బ్రిటన్ నుండి వచ్చిన కొయ్య ఓడ. దాని మొదటి పేరు ‘డర్వెస్టన్’. కన్ననూరు, కార్వార్, కడలూరు అనునవి దాని తోడి ఓడలు. రెండవ ‘కాకినాడ’ 1986 డిసెంబరులో, అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగా పట్టణమున మన నౌకాదళములో చేరినది. పొడవు సుమారు 61 మీటర్లు. 30 ఏండ్లు పనిచేసి 2017 మే నెలలో, తన జోడు ‘కార్వార్’తో కలిసి ముంబైలో విరమించినది.

ఈ పని ఎందుకో మన తీరమే చెప్పును. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ విశాఖ ముంగిట మునిగి, అందులోని 93 మందీ మరణించిరి. అది మునిగిన విధమును రెండు దేశములు రెండు రకములుగా చెప్పును గాని, అది మందుపాతరలు పరచుటకు వచ్చినదను మాట ఇద్దరిదీ ఒక్కటే. ఆ యుద్ధము ముగిసిన పిమ్మట బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ రేవును శుభ్రపరచుటకు సోవియట్ నావికులకు 1972 నుండి 1974 వరకు పట్టినది. పరచుట ఒక రాత్రి పని. తీయుట ఏండ్ల పని.

మా ఆమదాలవలస మీదుగా హౌరా, చెన్నై రైళ్లు పోవును. ఎండలో, వానలో పట్టాల వెంట నడచి బిగింపులు చూచే గ్యాంగ్‌మ్యాన్ పేరు ఆ రైళ్లలో ఎవరికి తెలియును? ప్రమాదము జరుగలేదు గనుక ఎవరూ అడుగరు. మైన్‌స్వీపరు సేవ కూడ అట్టిదే. అది గెలిచిన దినమున వార్త ఉండదు. ఓడ వచ్చును, సరుకు దిగును, అంతే.

కనబడని పనికి ఒక అపాయము కలదు: అది ఆగిపోయినా వెంటనే కనబడదు. సోవియట్ నుండి వచ్చిన ఈ ఓడలలో చివరిది ‘కోజికోడ్’; అది 2019లో విరమించినది. గోవాలో కొత్తవి కట్టించుటకు దక్షిణ కొరియా సంస్థతో జరిగిన సంప్రదింపులు 2018లోనే నిలిచిపోయినవి. 2025 జూలైలో రక్షణ శాఖ కొత్త ఓడలకు మరల తొలి ఆమోదము తెలిపినది. కాగితము మీద ఆమోదము నీటి మీద ఓడ అగుటకు ఏండ్లు పట్టును. అంతవరకు లోటు లోటే.

మీ ఊరిలో నౌకాదళమునుండి విరమించి వచ్చినవారుంటే, ఒక సాయంత్రము పిల్లలను వారి యొద్ద కూర్చుండబెట్టుడి. ఏ యుద్ధము గెలిచినారని కాదు, ఏ ఆపద రాకుండ చూచినారని అడిగించుడి.