ప్రత్యేక విద్య చదువు: గిట్టుబాటు ఎంత?

మన పూర్వ భాగంలో ఆడపిల్ల డిగ్రీ ముగించిందంటే తర్వాతి మాట బి.ఎడ్. ఈమధ్య దానికి ముందు 'స్పెషల్' అన్న ముక్క చేరింది. సాంచాల మీద పనిచేసే ఒక తమ్ముడు మొన్న వచ్చి, "బుద్ధి ఎదుగుదల తక్కువున్న పిల్లలకు చదువు చెప్పే కోర్సు జేస్తనంటున్నది బిడ్డ. అప్పు దీసి చదివిస్తే గిట్టుబాటయితదా అన్నా?" అని అడిగాడు. ఆయనకు వేసి చూపిన లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

రెండేళ్ళ కోర్సుకు అన్నీ కలిపి 2 లక్షలనుకుందాం. ఏటా లక్ష చొప్పున 10 శాతం వడ్డీకి తీసుకుంటే, చదువు కాలం, ఆపైన ఏడాది గడువు ముగిసేసరికి వడ్డీయే 50,000 అవుతుంది. రెండున్నర లక్షలు ఐదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 5,300. ఇంతవరకు అందరూ లెక్క వేస్తారు. మరిచేది ఇంకొకటి ఉంది. ఆ రెండేళ్ళు అమ్మాయి దుకాణంలో లెక్కలు రాసినా, ఇంట్లో బీడీలు చుట్టినా నెలకు 6,000 వచ్చేదనుకుంటే, పోయేది 1,44,000. అదీ ఖర్చే. మొత్తం నాలుగు లక్షలకు దగ్గర.

ఇక రాబడి. ప్రైవేటు బడిలో 12,000తో మొదలైతే, కిస్తీ పోగా మిగిలేది 6,700. అంటే ఐదేళ్ళపాటు చేతికొచ్చేది చదవకముందు వచ్చేదానికంటే 700 మాత్రమే ఎక్కువ! ప్రభుత్వ స్కేలు దొరికితే లెక్కే వేరు. ప్రాథమిక తరగతుల్లో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ఉపాధ్యాయులుండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. పోస్టులు ప్రకటించి భర్తీ చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్ళీ ఆదేశించింది. అయితే కోర్టు ఆదేశం చేతిలో పడ్డ అపాయింట్‌మెంట్ ఆర్డరు కాదు. దాన్ని నమ్ముకుని అప్పు పెంచుకోవద్దు.

కాలేజీ గోడమీది బోర్డు చూసి డబ్బు కట్టకండి. 1992 చట్టం ప్రకారం భారత పునరావాస పరిషత్తు గుర్తింపు, ఆపైన మన అమ్మాయి పేరు దాని రిజిస్టరులో ఉండాలి. రిజిస్టరు కాకుండా పనిచేస్తే ఏడాది వరకు జైలు శిక్ష కూడా చట్టంలో ఉంది. నాలుగేళ్ళ సమీకృత బి.ఎడ్. వైపు నియమాలు మారుతున్నాయి గనుక, ఈ ఏడు ఏ కోర్సుకు ప్రవేశాలున్నాయో పరిషత్తు జాబితాలోనే చూసుకోవాలి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉంది. బంధువులు అక్కడుంటే ఆ ఫీజులు కూడా కనుక్కోండి.

జీతం లెక్కలో పడని సంగతి ఒకటుంది. మన వాడల్లో బిడ్డ ఇంట్లో వినేది తెలుగు, బడిలో వినేది మరాఠీ. మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లవాడికీ ఆ రెండూ ఎదురవుతాయి. మగ్గాల ఇంటి తల్లితో తెలుగులో మాట్లాడి, వాడు ఏది ఏ మాటతో అడుగుతున్నాడో తెలుసుకోగల టీచరు మనకు కావాలి. అది మన ఆడపిల్లలకు పుట్టుకతో వచ్చిన పెట్టుబడి. అందుకే నా ఓటు ఈ చదువుకే, ఫీజు 2 లక్షలు దాటనంతవరకు.

ఒక మాట. నాలుగు లక్షల లోపు చదువు అప్పుకు మామూలుగా ఆస్తి తాకట్టు అడగరు. సాంచా మీద, పుస్తెల మీద సావుకారు దగ్గర తేవద్దు. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపైతే చదువు కాలపు వడ్డీని కేంద్రం భరించే పథకముంది. మీ కోర్సుకు, కాలేజీకి అది వర్తిస్తుందో లేదో సంతకానికి ముందే అడగండి. సీటు కాగితం, ఫీజుల పట్టీ, మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం వెంట తెచ్చుకోండి. జూన్ దాటితే కౌంటరు దగ్గర నిలబడే చోటుండదు.