బట్టీ పడితే రావు ఈ క్రియలు

నర్సీపట్నంలో పదో తరగతి పిల్లల ఇంగ్లీషు నోటుబుక్కు తిరగేస్తే ఫ్రేజల్ వెర్బుల పట్టిక ఒకటి తగులుతుంది. ఎడమవైపు క్రియ, కుడివైపు తెలుగు అర్థం. టేక్ ఆఫ్ అంటే బయలుదేరు, పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయు, పుట్ అవుట్ అంటే ఆర్పు. పరీక్షల ముందు దాన్ని ఎక్కాల్లా వల్లె వేస్తారు. "వీటికి తలా తోకా ఉండదు, బట్టీ పట్టడం తప్ప దారి లేదు" అన్నది బడిలోనూ ట్యూషన్‌లోనూ పాతుకుపోయిన మాట. ఆ మాట తప్పు. కష్టపడి చదివే పిల్లల్నే అది ఎక్కువగా దెబ్బ తీస్తోంది.

"చింతపల్లి బస్సు ఆరింటికి బయలుదేరుతుంది" అన్న వాక్యం ఇంగ్లీషులో రాయమనండి. పట్టిక కంఠతా వచ్చిన పిల్లాడు బస్సుకు టేక్ ఆఫ్ తగిలిస్తాడు. కాంప్లెక్స్‌లోంచి కదిలే బస్సుకు ఆ మాట నప్పదు. నేలను విడిచి లేచే విమానానికి నప్పుతుంది. చెప్పులను టేక్ ఆఫ్ చేస్తే విప్పడం, రోజును టేక్ ఆఫ్ చేస్తే సెలవు పెట్టడం. విమానం నేల నుంచి, చెప్పు కాలి నుంచి, ఆ రోజు పని నుంచి విడివడ్డాయి. ‘ఆఫ్’ చేసే పని అది. వ్యాపారం టేక్ ఆఫ్ అయిందంటే ఊపందుకుందని. అది విమానాన్ని చూసి పుట్టిన అర్థం. ఇన్ని అర్థాల మధ్య ఇంత చుట్టరికం ఉంటే తలా తోకా లేదనడం ఎలా?

పట్టికలో లేనిది ఇంకోటుంది. విప్పడానికి చెప్పులనే కర్మ కావాలి, విమానం లేవడానికి కర్మ అక్కర్లేదు. చెప్పుల బదులు ‘దెమ్’ అంటే అది మధ్యలోకి వచ్చి తీరాలి: టేక్ దెమ్ ఆఫ్. ‘టేక్ ఆఫ్ దెమ్’ అని ఎవరూ అనరు. అర్థాలన్నీ అప్పజెప్పిన పిల్లలు తడబడేది ఇక్కడే.

ఈ క్రియలు తేలికని నేననను. శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన నిఘంటువు ముందుమాటలోనే, పరదేశీయులకు అన్నిటికన్నా కష్టమైనవి ఇవేనని రాశాడు. అయితే తెలుగు పిల్లలకు ఈ చిక్కు కొత్తది కాదు. జలుబు పట్టింది, ఇనుముకు తుప్పు పట్టింది, లంబసింగి ఎక్కడానికి గంటకు పైగా పట్టింది, దొంగను పట్టారు. ‘పట్టు’కు ఏ బడీ పట్టిక ఇవ్వలేదు. ఏది, దేనికి, ఎవరిని అన్నది చూసి పిల్లలు అర్థం పోల్చుకున్నారు. ఆ తెలివిని ఇంగ్లీషు పీరియడ్‌లో ఎందుకు పక్కన పెట్టిస్తున్నాం?

గిడుగు రామమూర్తి కూడా పర్లాకిమిడి ప్రాంతంలో సవర భాషను ఇలాగే, సవరల నోటి నుంచి విని నేర్చుకున్నారు. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది 1938లో, దశాబ్దాల పాటు ఆ మాటలు విన్నాక. మన పిల్లలకు మాత్రం వాక్యం వినిపించకుండానే ముందు అర్థం చేతికిస్తున్నాం.

పెద్ద క్లాసు, చిన్న పీరియడు, నెత్తిన సిలబస్ అంటారు టీచర్లు. నిజమే. అందుకే యాభై క్రియల పట్టిక ఆపమంటున్నాను. అయ్యా, అమ్మా, వారానికి ఒక్క క్రియ తీసుకోండి. దాని నాలుగు వాడుకలు నాలుగు వాక్యాల్లో బోర్డు మీద రాయండి, అర్థం పిల్లల్నే చెప్పనివ్వండి. తర్వాత వాళ్ల ఇంటి గురించి, సంత గురించి సొంత వాక్యాలు రాయించి దిద్దండి. ఈ విద్యాసంవత్సరమే మొదలుపెట్టండి.