సీతమ్మ కథ ఎవరిని జైల్లో పెట్టింది?

ఆదర్శ సమాజాన్ని కలగన్నవాడు చివరికి జైలు కట్టక మానడు. చదువుకున్నవాళ్ల నోట ఈ మాట ఇప్పుడు సామెతలా నలుగుతోంది. పుస్తకాల ఎగ్జిబిషన్లో జార్జ్ ఆర్వెల్ ‘1984’ కొన్న కుర్రవాడూ అంటాడు, సాహిత్య సభలో అధ్యక్షులవారూ అంటారు. 1516లో థామస్ మోర్ ‘యుటోపియా’ అచ్చేసిన రోజే సైబీరియా శిబిరాలకు శంకుస్థాపన జరిగిందన్నంత ధీమాగా అంటారు. ఈ ధీమాకు పెద్ద దన్ను కార్ల్ పాపర్. 1945లో ఆయన ప్లేటో నుంచి తీగ లాగుతూ వచ్చి, సమాజాన్ని మొత్తంగా మార్చాలనుకోవడంలోనే నిరంకుశత్వం పొంచి ఉందనీ, ఎక్కడికక్కడ మరమ్మతులు చేసుకుంటే చాలుననీ తేల్చాడు. పాపర్ పేరు విననివాళ్లు కూడా ఇవాళ ఆయన మాటే అప్పజెబుతున్నారు.

వందేళ్ల నెల్లూరు జిల్లా చరిత్ర తెలిసినవాళ్లకు ఈ వాదం గొంతు దిగదు. అక్కడికి వెళ్లేముందు, సాక్ష్యానికి పిలుస్తున్న పుస్తకాలనే ఒకసారి అడుగుదాం.

ఆర్వెల్ తన రాతంతా నిరంకుశత్వానికి వ్యతిరేకంగా, ప్రజాస్వామిక సోషలిజం కోసమేనని 1946లోనే వ్యాసం రాసి చెప్పుకున్నాడు. 1949లో ‘1984’ వచ్చాక దాన్ని సోషలిజం మీద దాడిగా చదువుతుంటే, అలా చదవొద్దని ప్రకటన కూడా ఇచ్చాడు. వీళ్లందరికంటే ముందే రష్యాలో ‘మేము’ నవల రాసిన జమ్యాతిన్ ఒకప్పటి బోల్షివిక్. విప్లవం అయిపోయింది, ఇక కలలు చాలు అన్నవాళ్లతోనే ఆయన తగాదా. ఇక ఆల్డస్ హక్స్‌లీ. 1932 నాటి ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ దగ్గరే ఆయన్ని ఆపేస్తారు మనవాళ్లు. 1962లో, చనిపోవడానికి ఏడాది ముందు, ఆయన ‘ఐలండ్’ అనే నవల రాశాడు. పాలా అనే చిన్న దీవి, అందులో బుద్ధిగా, సుఖంగా బతికే జనం. ఆ దీవి చివరికి కూలిపోతుంది. కలలో పుచ్చు ఉండి కూలలేదు. నేల కింద చమురుంది, పక్క దేశపు నియంతకు సైన్యముంది. ఈ పుస్తకం మన ‘వాస్తవవాదుల’ బల్ల మీద ఎప్పుడూ కనపడదు.

సోవియట్ శిబిరాలు అబద్ధమని నేననను. అవి నిజం, వాటిలో పోయిన ప్రాణాలు నిజం. కానీ ఆ ఒక్క దేశం లెక్క చూపించి లోకంలోని కలలన్నిటికీ ఒకే శిక్ష వేయడం ఏ న్యాయం?

మన పక్కన మద్రాసులోనే 1905లో ఒక కల అచ్చయింది. రొకేయా సఖావత్ హుస్సేన్ రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’. మగవాళ్లు ఘోషాలో ఉంటారు, ఆడవాళ్లు సైన్సుతో దేశం నడుపుతారు. దాన్ని వేసుకున్నది ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’, సంపాదకురాలు తెలుగింటి ఆడపడుచు కమలా సత్తియనాథన్. అంతకు పదేళ్ల ముందే వీరేశలింగం ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’లో మగవాళ్లు ఆడవాళ్ల అదుపులో బతికే దేశాన్ని చూపించి మనల్ని నవ్వించారు, నవ్వుతూనే నాలుగు వాతలు పెట్టారు. వీటిని చదివి ఎవరైనా ఎక్కడైనా జైలు కట్టారా?

నా దృష్టిలో తెలుగులో వచ్చిన అతి చిన్న యుటోపియా కథ నెల్లూరు జిల్లాలో వయోజనుల వాచకంలో ఉంది. 1991లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యత కోసం ‘అక్షర దీపం’ మొదలైంది. పగలంతా కూలి చేసుకొచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట పలకలు పట్టుకున్నారు. అక్షరాలు వచ్చాక చదువుకోవడానికి ఇచ్చిన వాచకంలో ‘సీతమ్మ కథ’ ఒక పాఠం. సీతమ్మ ఊళ్లో ఆడవాళ్లను కూడగట్టి సారా కొట్టు మూయిస్తుంది. అంతే కథ. అదొక ఊహ. చదువుతున్నవాళ్ల ఊళ్లో సారా ఇంటి ముందుకే వస్తోంది. ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో ప్యాకెట్ల సారాకు తలుపులు తీసిన రోజులవి. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే కొట్టుకు చేరేవి. కొట్టు లేని ఊరు అనేది ఏ వాస్తవవాది లెక్కలోనూ లేదు. సారా వేలంపాటల మీద వచ్చే ఆదాయం రాష్ట్ర బడ్జెట్‌కు వెన్నెముక అనే వాళ్ల లెక్క.

ఆ లెక్క జిల్లాలోని దూబగుంట అనే ఊరి ఆడవాళ్లకు ఎక్కలేదు. సీతమ్మ ఊళ్లో అయింది మన ఊళ్లో ఎందుకు కాదని అడిగారు. వాళ్లలో రోశమ్మ ముందు నిలబడింది, వచ్చిన సారాను వెనక్కి తోలారు. ఆ సంగతే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అని వాచకంలో మరో పాఠమయింది. ఊహ చదివి పని చేశారు, ఆ పని మళ్లీ పాఠమై పక్క ఊరికి పోయింది. 1992 నాటికి జిల్లాలో సారా పాటలు జరపలేని పరిస్థితి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. పాపర్ చెప్పిన మరమ్మతు ఇదేనని ఎవరైనా అంటారేమో. సారా లేని ఊరిని ముందుగా మొత్తంగా ఊహించకపోతే ఆ మరమ్మతుకు చెయ్యి లేచేదే కాదు.

ఇక ఎదుటివాళ్లు వాడాల్సిన అసలు ఆయుధం, వాళ్లకే తెలియనిది, నేనే అందిస్తాను. అది నెల్లూరు జిల్లా కావలిలో ఉంది. 1890లో సాల్వేషన్ ఆర్మీ స్థాపకుడు విలియం బూత్ ఒక పుస్తకం రాశాడు. లండన్ పేదలను ఊరవతల పొలాల కాలనీల్లో పెట్టి, పని నేర్పి, మనుషుల్ని చేయాలన్నది అందులో పథకం. నూటికి నూరుపాళ్లు ఆదర్శవాదమే. ఆ సంస్థే తర్వాత బాపట్ల దగ్గర స్టూవర్టుపురం నడిపింది. అదే కాలంలో కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతికి ఎరుకల కుటుంబాలను అప్పగించింది ప్రభుత్వం. బిట్రగుంట పక్కన కప్పరాళ్లతిప్ప కూడా అలా పుట్టిందే. ఇప్పటికీ జనం ‘సెటిల్‌మెంటు’ అనే అంటారు. ఇళ్లిచ్చారు, బడి పెట్టారు, వైద్యం చేశారు. కానీ హాజరు పట్టీ ఉంది. ఊరు దాటాలంటే చేతిలో పాసుండాలి. లేకపోతే నేరం.

మోర్ పుస్తకం తెరవండి. అందులోనూ ఊరు దాటాలంటే పాలకుడి చీటీ కావాలి. అది లేకుండా రెండోసారి దొరికితే బానిసత్వం. నాలుగు వందల ఏళ్ల తర్వాత కావలి గేటు దగ్గర అదే చీటీ! ఇంకేం, కల జైలయింది కదా అంటారు.

ఆగండి. ఎరుకలవాళ్లను పుట్టుకతో నేరస్థులని రాసింది ఏ కలలవాడు? అది 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం, 1911లో మరింత బిగించిన చట్టం. రాసినవాళ్లు పరమ వాస్తవవాదులు, పోలీసులు, కలెక్టర్లు. మనిషి మారతాడన్న నమ్మకం వాళ్లకు లేదు కాబట్టే కులం మొత్తాన్ని రిజిస్టర్లోకి ఎక్కించారు. మిషన్ల తప్పు లేదనడం లేదు. తమ ఆదర్శానికి పోలీసు రిజిస్టరునే పునాదిగా ఒప్పుకోవడం వాళ్ల తప్పు. కల ఎవరిదో వాళ్లు దాని లోపల లేరు. లోపల ఉన్నవాళ్లను ఎవరూ అడగలేదు.

ఆ గేటు తెరవడానికి పాటుపడింది ఎవరు? నెల్లూరు వకీలు వెన్నెలకంటి రాఘవయ్య. గాంధేయుడు, పైనుంచి కిందిదాకా ఆదర్శవాది. యానాది గిరిజనులను వెట్టి నుంచి బయటికి తేవడానికి, వాళ్లకు సంఘం పెట్టడానికి జీవితం ఖర్చు చేశాడు. ఆ నేరస్థ చట్టం పోవాలని పోరాడినవాళ్లలో ముందున్నాడు. 1952లో చట్టం పోయింది. గేటు పెట్టినవాళ్లు వాస్తవవాదులు, తీయించినవాళ్లు కలలవాళ్లు. లెక్క తారుమారు చేసి చెబితే ఎట్లా?

పెన్న ఒడ్డున పల్లిపాడులో ఇంకో కల ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య నడిపారు, పొణకా కనకమ్మ అండగా నిలిచింది. దక్షిణాఫ్రికా నుంచి పారసీ రుస్తుంజీ 10,000 రూపాయలు పంపాడు. రాట్నం, ఖద్దరు, అంటరానితనంతో పోరు. దానికి హాజరు పట్టీ లేదు. ఇష్టమైనవాళ్లు వచ్చారు, కష్టమనుకున్నవాళ్లు పోయారు. అది చల్లబడినప్పుడు కూడా ఎవరి మెడకూ ఉరి కాలేదు. పాసు అడగని కలలు ఇలాగే ముగుస్తాయి, లేదా ఇంకో ఊళ్లో ఇంకో పేరుతో మొదలవుతాయి.

దీవి అంటే హక్స్‌లీ పాలాయే గుర్తుకు రానక్కర్లేదు. పులికాట్‌కూ సముద్రానికీ మధ్య, నిన్నమొన్నటిదాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోటను చూడండి. 1969లో రాకెట్ల కోసం ఎంపిక చేశారు. 1971 అక్టోబర్ 9న మొదటి రాకెట్ ఎగిరింది. దేశానికి గర్వకారణమే, కాదనను. ఆ అడవిలో తేనె, దుంపలు, చేపలతో బతికిన యానాదులను ఏమనుకుంటున్నారని అడిగినవాళ్లు మాత్రం తక్కువ. దాన్ని ఎవరూ యుటోపియా అనరు, ప్రాజెక్టు అంటారు. మన కాలపు యుటోపియా సాహిత్యమంతా ప్రాజెక్టు రిపోర్టుల్లోనే ఉందని నా అనుమానం. అందులో సందేహించే పాత్ర ఒక్కటీ ఉండదు. కనీసం మోర్ తన పుస్తకంలో తానే ఒక పాత్రయి, ఇదంతా నాకు పూర్తిగా నచ్చలేదని చెప్పుకున్నాడు.

తొంభైలలో తీరమంతా పాకిన రొయ్యల చెరువులు అలాంటి రిపోర్టే. నీలి విప్లవమన్నారు, డాలర్ల పంట అన్నారు. మాగాణి తవ్వి ఉప్పునీళ్లు నింపారు. పక్కవాళ్ల తాగునీటి బావులు ఉప్పుబారాయి. 1994-95లో తెల్లమచ్చ జబ్బొచ్చి చెరువులు చెరువులే పోయాయి. అప్పుడు సుప్రీంకోర్టుకెళ్లింది మళ్లీ ఒక కలలమనిషే, తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్. 1996 డిసెంబర్ 11న కోర్టు, తీర నియంత్రణ మండలిలోని రొయ్యల చెరువులు తీసేయమంది. సంప్రదాయ పద్ధతులకు మాత్రమే మినహాయింపు.

సీతమ్మ కల నుంచి పుట్టిన మద్య నిషేధాన్ని ప్రభుత్వం 1997లో, రెండేళ్లు దాటీదాటగానే సడలించింది. ఖజానాకు గిట్టుబాటు కాలేదట. రొయ్యల కలకు కోర్టు వేసిన బ్రేకును తప్పించడానికి మాత్రం పార్లమెంటే కదిలి, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసిపెట్టింది. కలలు ప్రమాదమని ఆ రోజున వ్యాసం రాసిన వాస్తవవాది నాకు ఒక్కడూ తగల్లేదు.